పదో బిళ్ళ

ఆదివారం పొద్దున రాజారాం వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. మధ్యాహ్నం అతని భార్య అంజవ్వ నిజామాబాద్ ఎగ్జిబిషన్‌కు వెళ్తుంది. అక్కడ బొమ్మల మెషిన్ దగ్గర పది బిళ్ళలు ఆడుతుంది. పదో బిళ్ళకు మిక్సీ గెలుస్తుంది. సాయంత్రానికి నవ్వుకుంటూ ఇంటికొస్తుంది. వచ్చే శుక్రవారం కూతురి దుకాణంలో తన చేత్తో బోణీ చేస్తుంది. ఇందులో అదృష్టానికి వదిలేసిన సంగతి ఒక్కటి కూడా లేదు. ఎందుకంటే ఆ మిక్సీని శనివారమే రాజారాం స్వయంగా కొని, అట్టపెట్టెతో సహా మెషిన్ నడిపే ఆత్మారాంకు అప్పజెప్పి వచ్చాడు.

బోధన్‌లో ఫంక్షన్ హాలుకు కాపలా ఉండే మనిషి, పెళ్లివారిచ్చిన ఇనాములు దాచి దాచి మిక్సీ కొని, దాన్ని పెళ్లానికి నేరుగా ఇవ్వకుండా నాందేడ్ నుంచి వచ్చిన ముక్కూ మొహం తెలియని వాడి చేతిలో పెట్టడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. దానికి కారణం ఒక కొబ్బరికాయ.

రాజారాం చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో ఒక ఏడు, చెరుకు ఆడించడం మొదలుపెట్టే పూజకు కార్మికుల భార్యలను కూడా పిలిచారు. తలా ఒక కొబ్బరికాయ కొట్టారు. అంజవ్వ కొట్టినది కుళ్ళి ఉంది. ఆ తర్వాత కొన్నాళ్లకు ఫ్యాక్టరీ మూతపడింది. ఎందుకు మూతపడిందో పేపర్లు రకరకాలుగా రాశాయి, నాయకులు రకరకాలుగా చెప్పారు. అంజవ్వకు అవేవీ ఎక్కలేదు. తన చెయ్యి మంచిది కాదని, ఆ చేతికి బర్కత్ లేదని, అది తాకితే ఏదీ కలిసిరాదని తేల్చేసుకుంది.

"గంత పెద్ద ఫ్యాక్టరీ నీ కొబ్బరికాయకే మూతపడ్డదా?" అని రాజారాం ఎన్నిసార్లు నవ్వించబోయినా ఆమె నవ్వలేదు. అప్పటినుంచి కొత్త బియ్యం బస్తా విప్పాలన్నా అతన్నే పిలిచేది. పొద్దున్నే కొట్టుకు వెళ్తే, తనకంటే ముందు ఇంకొకరు ఏదో ఒకటి కొనేదాకా గుమ్మం పక్కన నిలబడేది. ఒక్కోరోజు చింతపండు కోసం అరగంట నిలబడేది.

ఇప్పుడు కూతురు సంజన నిజామాబాద్‌లో మ్యాచింగ్ సెంటర్ పెడుతోంది. జాకెట్టు గుడ్డలు, లైనింగులు, చీర ఫాల్స్. శుక్రవారం పొద్దున మొదలు. "అవ్వ, నువ్వే బోణీ చెయ్యాలె" అని ఫోనులో అడిగింది.

"వద్దు బిడ్డా" అంది అంజవ్వ, చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుడుతూనే. "నీ దుకాణం బతకాలె."

ఆ మాట రాజారాం విన్నాడు. ఆ రాత్రే పథకం పుట్టింది.

అంజవ్వకు ఆ మెషిన్‌తో పరిచయం ఈ ఏడు ఎగ్జిబిషన్ వచ్చాకే అయింది. మనిషి ఎత్తున రేకు పెట్టె, పక్కన పిడి. పది రూపాయలకొక బిళ్ళ కొని లోపల వేసి పిడి లాగితే మూడు చక్రాలు తిరుగుతాయి. మూడు మామిడిపళ్ళు పడితే స్టీలు గ్లాసు, మూడు చిలకలు పడితే సబ్బుపెట్టె, మూడు సూర్యులు పడితే మిక్సీ. మిక్సీ అని అరమీద పెట్టింది ఖాళీ డబ్బా. మూడు సూర్యులు పడటం ఆత్మారాం కూడా చూడలేదు.

రెండు ఆదివారాలు వెళ్లింది. రెండుసార్లూ కొంగు చివర వంద నోటు ముడేసుకుని వెళ్లి, పది బిళ్ళలు కొని, పదీ పోగొట్టుకుని వచ్చింది. బస్సు ఆడవాళ్లకు ఉచితం కాబట్టి ఖర్చు వంద దగ్గరే ఆగింది. వరసలో వాళ్లు పదకొండోది అరువిస్తామన్నా ముట్టుకోలేదు. ఇది జూదం కాదా అని ఎవరో అడిగితే, "గెలవనీకి పోయేటోళ్లకు జూదం. నా చెయ్యి మారిందా లేదా అని సూసుకొస్తున్న, గంతే" అంది.

ఆత్మారాంతో బేరం శనివారం కుదిరింది. మెషిన్ వెనక ఒక గుబ్బ ఉందనీ, దాన్ని నొక్కిపెడితే మూడు సూర్యులూ వరసగా ఆగుతాయనీ అతను ఒప్పుకున్నాడు. మిక్సీ తనది కాదు గనక అతనికి పోయేది కూడా ఏమీ లేదు.

"సరే గాని కాకా, మావశీని నేను ఎట్ల గుర్తు పట్టాలె? రోజుకు ఎంతమందొస్తరో ఎరుకేనా? ఫొటో ఉంటే పంపు" అన్నాడు ఆత్మారాం, అంజవ్వను తమ మరాఠీలో పిన్ని అని వరస కలుపుతూ.

రాజారాం దగ్గర ఉన్నది బటన్ల ఫోను. ఇంట్లో ఉన్న ఫొటో పెళ్లినాటిది, అందులో ఉన్న ఇద్దరినీ ఇప్పుడు ఎవరూ గుర్తుపట్టరు. పోనీ తనే వెంట వచ్చి చూపిద్దామంటే, అంజవ్వ తన మొహం చూడగానే సంగతి పసిగడుతుంది. కాసేపు ఆలోచించి చెప్పాడు.

"ఫొటో ఎందుకు? ఆమె పది బిళ్ళలు ముందే చేతిల పట్టుకుని ఆడుతది. తొమ్మిది కాదు, పదకొండు కాదు. పది కాంగనే ఎనుకకు సూడకుంట పోతది. గట్ల ఆగే మనిషి ఇంకొకలు ఉండరు."

ఆత్మారాం తల ఊపాడు. "గది నిజమే. ఇక్కడికొచ్చినంక గట్ల లెక్కగ ఆగినోళ్లు నా యాదిల ఎవ్వలు లేరు. పదో బిళ్ళకు గుబ్బ నొక్కుత, పో."

అలా ఆదివారం వచ్చింది. మధ్యాహ్నం పక్కింటి అనసూయమ్మ తయారై వచ్చి, "నడువు వదినె, బస్సు పోతది" అంది. అనసూయమ్మకు ఎగ్జిబిషన్ అంటే మిర్చిబజ్జీలు, జెయింట్ వీలు, వచ్చేపోయే వాళ్ల చీరలు. రాజారాం తనకు డ్యూటీ ఉందని చెప్పి, ఇద్దరూ సందు మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడి, తర్వాత ఫంక్షన్ హాలుకు వెళ్లి ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని ఒక్కడే నవ్వుకున్నాడు.

సాయంత్రం చీకటి పడుతుండగా బస్సు దిగిన ఇద్దరూ సందులోకి వచ్చారు. మిక్సీ డబ్బా అనసూయమ్మ నెత్తిమీద ఉంది.

మోయడానికి సాయం చేస్తోందేమో అనుకున్నాడు రాజారాం. డబ్బా తన గుమ్మం దాటి పక్క గుమ్మంలోకి వెళ్లింది.

"అనసూయకు మిక్సీ తాకిందయ్యా" అంది అంజవ్వ సంతోషంగానే. "మూడు సూర్యులు. అంతా వచ్చి సూసిండ్రు. మెషినాయన చప్పట్లు కొట్టిండు."

"నువ్వు... నువ్వు ఆడలేదా?"

"ఏడు ఆడిన. ఏడూ పోయినయి. ఇగ నా చేతిల ఉంటే మిగిలిన మూడు కూడా వేస్టే గదా అని అనసూయ చేతిల పెట్టిన. ఆమె బజ్జీల పైసలు పక్కకు పెట్టి ఏడే కొన్నది. నావి మూడు కలిపి పది. ఆఖరి బిళ్ళకే తాకింది." కాళ్లు కడుక్కుంటూ మెల్లగా అంది. "గదే బిళ్ళ నా చేతిల ఉంటే తాకకపోవు. పోనీ, దాని నసీబు మంచిది."

రాజారాం లెక్క చూసుకున్నాడు. పది బిళ్ళలు వేసిన మనిషికి మిక్సీ ఇమ్మన్నాడు. ఆత్మారాం పది బిళ్ళలు వేసిన మనిషికే ఇచ్చాడు. అంజవ్వ తన చెయ్యి మంచిది కాదని నమ్మింది గనకే మూడు బిళ్ళలు పంచిపెట్టింది, పంచిపెట్టింది గనకే ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది.

పొద్దున్నే ఫోను చేస్తే ఆత్మారాం గొంతులో తప్పు చేసిన ఛాయ కూడా లేదు. "కాకా, ఒకామె ఏడుకే ఆగింది. ఇంకొకామె పదికి ఆగింది. నువ్వు చెప్పింది పది. మావశీ మస్తు ఖుషైంది గదా?"

"ఆమె మావశీ కాదు."

"మరి ఎవలు?"

"పక్కింటామె."

"పక్కింటామెకు మిక్సీ ఇప్పిస్తున్నవని ఇంట్ల ఎరుకేనా కాకా?" అన్నాడు ఆత్మారాం జాలిగా. రాజారాం ఫోను పెట్టేశాడు.

అదే పొద్దున అనసూయమ్మ వాకిట్లోకి వచ్చి, "వదినె, ఒక పది రూపాయల బిళ్ళుంటే ఇయ్యి. మార్కండేయ బోణీకి పిలిచిండు, చిల్లర లేదు" అంది. అంజవ్వ కొంగు ముడి విప్పి ఇచ్చింది. మూలమీది కిరాణం మార్కండేయకు మిక్సీ సంగతి రాత్రే తెలిసింది. మంచి చెయ్యి ఉన్న మనిషి సందులో ఉండగా వదులుకోవడం ఎందుకని పిలిచాడు. అనసూయమ్మ పది రూపాయలు పెట్టి ఉప్పు ప్యాకెట్టు కొంది. మధ్యాహ్నం మండుటెండలో ఎక్కడినుంచో వాన వచ్చింది. మార్కండేయ కొట్లో మూడేళ్లుగా దుమ్ము పట్టిన గొడుగులన్నీ గంటలో అమ్ముడుపోయాయి.

దాంతో అనసూయమ్మ పేరు బోధన్‌లో మోగిపోయింది. మంగళవారం లింగవ్వ ఇడ్లీల బండి బోణీ చేసింది. ఆ రోజు చిల్లరకు రాలేదు. ఆ రోజే లింగవ్వ ఇడ్లీలు మధ్యాహ్నం దాకా మిగిలిపోయి గేదెలకు వెళ్లాయని ఎవరో అన్నారు గానీ, పిండి పులిసి ఉంటుందిలే అని ఎవరూ పట్టించుకోలేదు. బుధవారం మళ్లీ తెల్లవారకముందే వచ్చి, "వదినె, పది రూపాయలు" అంది. ఆ రోజు ఆమె బోణీ చేసిన గాజుల దుకాణానికి వర్ని ఊరి నుంచి పెళ్లివారు వ్యాన్‌లో దిగారు.

"మిక్సీ గెలిసిన మనిషికి పది రూపాయలు లేవా?" అని రాజారాం గొణిగాడు. తన మిక్సీ పోయింది, తన ఇంటి చిల్లర కూడా పోతోంది. పైగా పక్కింట్లోనుంచి పొద్దున్నే మిక్సీ గుర్రుమనే చప్పుడు. ఆ చప్పుడు వినపడినప్పుడల్లా అతని పళ్లు పులిసేవి.

బుధవారం రాత్రి సంజన ఫోను చేసింది. వెనక అల్లుడు నరేందర్ గొంతు కూడా వినిపిస్తోంది.

"బాపు, అనసూయత్త చెయ్యి మస్తు మంచిదట గదా. ఈయన, ఈయన వాళ్ల అమ్మ ఆమెతోనే బోణీ చేయిద్దామంటుండ్రు. అవ్వ ఎట్లాగూ వద్దంటుంది. అవ్వకు మనసున ఏమన్న అయితదా?"

రాజారాం జవాబు వెతుక్కునేలోగా అంజవ్వ ఫోను అందుకుంది. "ఏమైతది బిడ్డా, గది మంచి మాట. అనసూయను నేనే తీసుకొస్త" అని పెట్టేసి, చాట ముందుకు లాక్కుంది. ఆ తర్వాత ఎంతసేపటికీ ఒక్క బీడీ కూడా చుట్టలేదు. చేతిలో ఆకు పట్టుకుని అలాగే కూర్చుంది. రాజారాం అది చూసి లోపల్లోపల కుమిలిపోయాడు. భార్యను నమ్మించడానికి తను కొన్న మిక్సీయే ఆమె చేతిలోంచి కూతురి బోణీని లాగేసుకుంది.

ఇక మిగిలింది గురువారం ఒక్కటే. మిక్సీ కాకపోతే సబ్బుపెట్టె అయినా సరే, అంజవ్వ చేతికి ఏదో ఒకటి తగలాలి. ఈసారి తనే పక్కన నిలబడతాడు, తను నెత్తి గోక్కోగానే ఆత్మారాం గుబ్బ నొక్కుతాడు. ఈ సంగతి ఫోనులో చెబితే ఆత్మారాం, "నువ్వు ముందు రా కాకా, వచ్చి ఇక్కడ నా బతుకు సూడు" అని మాత్రం అన్నాడు.

అంజవ్వను ఒప్పించడం అంత తేలిక కాలేదు. "ఆదివారం పైసలు ఇయ్యాలనే ఖర్సు పెడితే మళ్ల ఆదివారం పోను" అంది.

"పోకు. నేనొక్కసారి నీ మెషిన్ను సూస్త, నడువు."

ఆమె అతనికేసి అనుమానంగా చూసింది గానీ, మొగుడు ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్తాననడం పెళ్లయ్యాక మొదటిసారి కాబట్టి వంద నోటు ముడేసుకుంది.

బస్సులో కాలు పెట్టే సందు లేదు. ఎడపల్లిలో ఇంకొందరు ఎక్కారు. అందరూ ఆడవాళ్లే. రాజారాం ఒక్కడే టికెట్టు కొని, తలుపు దగ్గర వేలాడుతూ చూశాడు. ప్రతి కొంగు చివరా ఒక ముడి ఉంది. "పదే ఆడాలెనట. ఎక్కువ ఆడితే పోతదట, తక్కువ ఆడితే తాకదట" అని ఒకామె ఇంకొకామెకు చెబుతోంది. "వంద ముడేసుకుని పోవాలె. పర్సుల పెట్టుకుంటే పనికిరాదట." అంజవ్వ తనకోసం పెట్టుకున్న నియమం బోధన్ మొత్తానికి మంత్రమైపోయింది.

ఎగ్జిబిషన్‌లో బొమ్మల మెషిన్ ముందు వరస జెయింట్ వీలు దాకా ఉంది. రెంజల్ నుంచి వచ్చారు, చందూర్ నుంచి వచ్చారు. ప్రతి ఒక్కరూ లెక్కగా పది వేసి, పిడి వదిలి, చెయ్యి చాచి నిలబడుతున్నారు. "పదైనయి. మిక్సీ ఏది?" అని అడుగుతున్నారు. ఇవ్వకపోతే కదలడం లేదు. ముందున్నవాళ్లు కదలకపోతే వెనకున్నవాళ్లు అరుస్తున్నారు. బోధన్ ఆడవాళ్లకు దారి చూపించడానికి ముందే వచ్చిన అనసూయమ్మ మధ్యలో ఒక స్టూలు మీద కూర్చుని, తను ఆ రోజు ఏ కాలు ముందు పెట్టి నిలబడిందో వివరిస్తోంది. ఆత్మారాం మెషిన్ వెనక దాక్కుని, చెప్పులు మాత్రం బయట కనబడేలా కూర్చున్నాడు.

పథకం ఇక ముందుకు పోదని రాజారాంకు అర్థమై, "పోదాం పా" అని అంజవ్వ చెయ్యి పట్టుకుని బెలూన్ల కొట్టు చాటుకు లాగబోయాడు. అప్పటికే గొడవ విని ఒక ఆడ కానిస్టేబుల్ వచ్చింది. ఆత్మారాంను చెప్పులు ఆధారంగా పట్టుకుని బయటికి తీసింది.

"మిక్సీ ఎవరికిచ్చినవు?"

"గా మావశీకి" అని ఆత్మారాం అనసూయమ్మను చూపించాడు.

"మరి వీళ్లకెందుకు ఇస్తలేవు? పది ఆడితే మిక్సీ అని నాకు కూడా చెప్పిండ్రు."

"మిక్సీ నాది కాదు మేడం."

"నీది కాకపోతే ఎవరిది?"

ఆత్మారాం కళ్లు గుంపు మీదుగా తిరిగి తిరిగి బెలూన్ల దగ్గర ఆగాయి. "గా కాకాది" అన్నాడు, బతికిపోయినవాడిలా.

వరసలో ఉన్న తలలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి. అంజవ్వ కూడా తిరిగింది. రాజారాం దాక్కోవడానికి బెలూన్లు సరిపోలేదు. తప్పించుకునే దారి లేక మొదటినుంచీ చెప్పాడు. మిక్సీ కొన్నదీ, గుబ్బ సంగతీ, పది లెక్కా. చెబుతున్నంతసేపూ కానిస్టేబుల్‌ను చూస్తూ చెప్పాడు, అంజవ్వ వైపు చూసే ధైర్యం లేక.

"ఎందుకు చేసినవు పెద్దాయనా గిదంతా?"

"ఈమె చెయ్యి మంచిదని ఈమెకు ఎరుక కావాలె" అన్నాడు రాజారాం. "రేపు నా బిడ్డ దుకాణం తెరుస్తున్నది. ఈమెనే బోణీ చెయ్యాలె. గంతే మేడం."

గుంపు చల్లబడింది. అంజవ్వ తన కుడి అరచేతిని చూసుకుంటోంది, తంబాకు మరకలతో వేళ్ల చివర నల్లబడ్డ చెయ్యి. మెల్లగా అంది.

"సూసినవా మరి. నువ్వు కొని, గుబ్బ నొక్కిచ్చినా గూడ నా చేతికి రాలే."

రాజారాంకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంత కష్టపడి తను నిరూపించింది ఇదా అనిపించింది.

ఈలోగా రెంజల్ ఆమె ఒకతె, "అంటే గీ అనసూయమ్మ నసీబంతా ఉత్తదేనా?" అంది. అందరూ స్టూలు వైపు చూశారు. అనసూయమ్మ స్టూలు దిగింది. తప్పించుకోవాలని దిగిందో, అంజవ్వ మొహం చూడలేక దిగిందో గానీ, నేరుగా వచ్చి అంజవ్వ ముందు నిలబడింది.

"వదినె, మిక్సీ ఉత్తదే గావచ్చు. గొడుగులు ఉత్తయి గావు. సోమవారం మార్కండేయ దుకాణంల నేను పెట్టిన పది రూపాయలు ఎవలియి?"

"నాయే. చిల్లర లేదంటివి."

"మంగళవారం నా పైసలే తీసుకపోయిన. లింగవ్వ ఇడ్లీలు బర్రెలు తిన్నయి. నాకు గప్పుడే సమజైంది. బుధవారం మళ్ల నీ కాడికే వచ్చిన. గాజులాయన దగ్గర పెళ్లోళ్లు దిగిండ్రు. ఇయ్యాల పొద్దున చెప్పుల దుకాణంల పెట్టినయి గూడ నీయే. నా చెయ్యేం లేదు వదినె. నువ్వు ఇచ్చిన పైసలు అటు పెట్టిన, గంతే."

"మరి ముందుగాల ఎందుకు చెప్పలే?" అన్నాడు రాజారాం.

అనసూయమ్మ కొంచెం సిగ్గుపడింది. "చెప్తే నన్నెవలు పిలుస్తరన్నా? బోణీకి పోయిన కాడల్ల చాయ పోస్తున్నరు. కుర్సీ ఏస్తున్నరు. నాకు కుర్సీ ఏసినోళ్లు ఇన్నాళ్లు ఎవలున్నరు చెప్పు?"

కానిస్టేబుల్ ఆడనివాళ్ల పైసలు వాపసు ఇప్పించి, మెషిన్ మీద టార్పాలిన్ పట్టా కప్పించి, గుబ్బ ఊడదీసి జేబులో వేసుకుంది. వెళ్లబోతూ మళ్లీ వెనక్కి వచ్చి, గొంతు తగ్గించి అంజవ్వను అడిగింది. "అమ్మా, మీ దగ్గర పది రూపాయల బిళ్ళ ఏమన్న ఉన్నదా? మూడేండ్లయింది, నా ప్రమోషన్ ముందుకు కదుల్తలేదు."

తిరుగు బస్సులో ఇద్దరికీ పక్కపక్కన సీటు దొరికింది. జానకంపేట దాటేదాకా అంజవ్వ కిటికీలోంచి బయటికే చూసింది.

"అంటే గొడుగులు నేను అమ్మించిననా?" అంది చివరికి.

"వాన గూడ నువ్వే కురిపిచ్చినవు."

"పరాచికాలొద్దు." కిటికీ వదిలి అతనివైపు తిరిగింది. "మిక్సీ కొన్నోనివి తెచ్చి నా చేతిల పెడితే కాకపోవునా?"

"చేతిల పెడితే గది మిక్సీ అయితుండె" అన్నాడు రాజారాం. "నసీబు కాకపోవు."

అంజవ్వ కొంగు చివర ముడి ఇంకా అలాగే ఉంది. ఆ ముడిని వేళ్లతో తడుముకుంటూ, బస్సు కుదుపుకు కొంచెం అతనివైపు జరిగి, జరిగినచోటే కూర్చుంది. బోధన్ వచ్చేదాకా రాజారాం భుజం కదపలేదు.

శుక్రవారం పొద్దున మ్యాచింగ్ సెంటర్‌కు మామిడాకులు కట్టారు. అరల నిండా రంగురంగుల గుడ్డలు. నరేందర్ అనసూయమ్మకు కుర్చీ వేయబోతే ఆమె, "నేను పైసలు మర్సిపోయి వచ్చిన" అని ఖాళీ చేతులు చూపించి గోడకు ఆనుకుని నిలబడింది. సంజన గల్లాపెట్టె వెనక నిలబడి తల్లికేసి చూసింది. అంజవ్వ అలవాటు ప్రకారం గుమ్మం పక్కన నిలబడి ఉంది, ఎవరో ఒకరు ముందు కొంటే లోపలికి వద్దామని. రాజారాం పిలవలేదు. పిలిస్తే రాదని అతనికి తెలుసు. రాత్రి బస్సులో అన్న మాటలు పొద్దుటికి చాలుతాయో లేదో మాత్రం తెలియలేదు.

ఇంతలో నిజంగానే ఒక కొనేమనిషి వచ్చింది. చేతిలో ఎర్రచీర, దానికి ఫాల్ కావాలి.

"ఒక్క నిమిషం ఆగు అక్కా" అంది సంజన.

"ఎందుకాగాలె? దుకాణం తెరిచిండ్రు గదా?"

"బోణీ అయినంక ఇస్తం."

"నేనే చేస్త బోణీ."

"గది... మా అవ్వ చేస్తది" అంది సంజన.

ఆమె గడియారం చూసుకుంది. గుమ్మం వైపు చూసింది. "ఇటు పక్క గల్లీల ఇంకో దుకాణముంది" అని చీర చంకలో పెట్టుకుంది.

వచ్చిన బేరం కళ్లముందే వెళ్లిపోవడం అంజవ్వ తట్టుకోలేకపోయింది. "ఆగు బిడ్డా, ఒక్క నిమిషం. అయిపోతది" అంటూ గబగబా లోపలికొచ్చేసింది. వచ్చేశాక గానీ తను ఎక్కడున్నదీ తెలియలేదు. అందరూ తననే చూస్తున్నారు. అంజవ్వ ఊపిరి పీల్చుకుంది. కొంగు చివర ముడి విప్పి, నలిగిన వంద నోటును కూతురి చేతిలో పెట్టింది.

సంజన కళ్లు తుడుచుకుని నోటును కళ్లకద్దుకుంది. "ఏం గావాలె అవ్వ?"

"గా పసుపుపచ్చ జాకెట్ గుడ్డ."

"నూటిరవై."

"వంద."

"అవ్వ, బోణీ."

"బోణీ అయితేంది? నా లెక్క వంద. ఒక్క రూపాయి ఎక్కువ కాదు" అంది అంజవ్వ, మెషిన్ ముందు నిలబడి చెప్పినంత స్థిరంగా.

సంజన నవ్వుతూ గుడ్డ కత్తిరించింది. ఎర్రచీర ఆమె ఫాల్‌తో పాటు రెండు లైనింగులు కూడా కొంది. ఆమె వెనకాల ఇద్దరొచ్చారు, వాళ్ల వెనకాల ఇంకొకరు. అంజవ్వ కొత్త గుడ్డ ఒడిలో పెట్టుకుని అనసూయమ్మకోసం వేసిన కుర్చీలో కూర్చుంది. నరేందర్ చాయ తెచ్చిచ్చాడు. ఆమె సగం అనసూయమ్మకు పోసి, తాగుతూ కుడిచేతిని ఒకసారి తిప్పి చూసుకుని రాజారాంకేసి చూసింది. అతను ముఖం పక్కకు తిప్పుకుని, కంట్లో ఏదో పడినట్టు రుద్దుకున్నాడు.

మిక్సీ అనసూయమ్మ ఇంట్లోనే ఉంది. పోయిన వారం చెడిపోతే బాగు చేయించడానికి రాజారామే మోసుకెళ్లాల్సి వచ్చింది, గ్యారంటీ కార్డు అతని పేరు మీద ఉంది మరి.